కెమెరా పెట్టెలు లెక్కపెట్టిన నక్క

నల్లగుట్ట అడివిలో ఏటి ఒడ్డున సెలయమ్మ అనే నీటికుక్క ఉండేది. ఆ చుట్టుపక్కల కెమెరాలు చేసేది ఆమె ఒక్కతే. ఏటి అడుగున దొరికే పలుగురాళ్ళను అరగదీసి, మెరుగుపెట్టి, అద్దాలు తనే తయారుచేసేది. నెలకు నలభై కెమెరాలు పెట్టెకొకటి చొప్పున సర్దితే గాడిద వాటిని మోసుకుని రేవు దాటి దుకాణాలకు చేరవేసేది.

రేవు దగ్గర దుకాణం జంబులు అనే నక్కది. గాడిద రేవు దాటిన ప్రతిసారీ జంబులు పెట్టెలు లెక్కపెట్టేవాడు. గతంలో రెండుసార్లు ఆ లెక్క బాగా పడిపోయింది. రెండుసార్లూ కొద్ది రోజుల్లోనే సెలయమ్మ కొత్త రకం కెమెరా తెచ్చింది, పాతవాటిని అడిగే దిక్కు లేకుండా పోయింది. పాతరకం తగ్గించిందంటే ఆమె చేతులు కొత్తదాని మీద పడ్డాయన్నమాట. ఆ కిటుకు కనిపెట్టి, రెండోసారి అందరికంటే ముందే చెప్పి, జంబులు అడివిలో పేరు తెచ్చుకున్నాడు.

ఈ ఏడు తొలకరి తర్వాత పెట్టెలు మళ్ళీ తగ్గాయి. ఒక నెల ఇరవై వచ్చాయి. తర్వాతి నెల ఆరే వచ్చాయి. ఇంతగా ఎప్పుడూ పడిపోలేదు కాబట్టి ఈసారి వచ్చేది చాలా గొప్ప కెమెరా అయ్యుంటుందని జంబులు తేల్చేశాడు. సరిగ్గా అప్పుడే గుట్ట అవతలి కోతులు వచ్చి, పాతరకానివే ఇరవై కెమెరాలు ఇస్తే రెండు కుండల తేనె ఇస్తామన్నాయి. దుకాణంలో పంతొమ్మిదే ఉన్నాయి. ఇరవయ్యోది ఎక్కడుందో జంబులుకు తెలుసు.

అది ధవళయ్య అనే ఎద్దుది. దుక్కి మానేశాక ధవళయ్య కెమెరా మెడలో వేసుకుని, మూతితో మీట నొక్కి, పెళ్ళిళ్ళకూ బారసాలలకూ ఫోటోలు తీసి బతుకుతున్నాడు. అతనితో పన్నెండేళ్ళు ఒకే కాడి లాగిన కర్రెయ్య వానల మొదట్లో కొట్టంలో పడిపోయి మళ్ళీ లేవలేదు. కర్రెయ్య ఒకే ఒక్కటి అడిగాడు. తన ఫోటో ఒకటి తీసి పెట్టుకోమన్నాడు. ధవళయ్య పక్కన నడిచిందెవరో రేపటి దూడలకు తెలియాలన్నాడు. ధవళయ్య రెండుసార్లు ప్రయత్నించాడు. కొట్టంలో చీకటి. ఫోటోలో నల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. పట్టపగలు ఎండలో తప్ప ఆ కెమెరా పనిచేయదు, కర్రెయ్యను ఎండలోకి తీసుకురావడం ఎవరి వల్లా కాలేదు.

జంబులు ఆ సంగతి విని వచ్చాడు. రాబోయే కెమెరా మసక వెలుతురులో కూడా కంటిరెప్ప వెంట్రుకలతో సహా పట్టేస్తుందని చెప్పాడు. ఆ మాట మాత్రం ఏ లెక్కలోనూ లేదు, అప్పటికప్పుడు పుట్టించాడు. పాతది ఇచ్చేస్తే కొత్తవాటిలో మొదటిది ధవళయ్యకేనన్నాడు.

"సెలయమ్మ నీతో చెప్పిందా?" అని అడిగాడు ధవళయ్య.

"అడిగితే ఎవరైనా దాస్తారు మామా. పెట్టెలు దాచవు. ఆరే వచ్చాయి, నేను కళ్ళారా చూశాను."

ధవళయ్య మెడ వంచాడు. జంబులు కెమెరా తీసుకుపోయాడు.

నెల గడిచింది. గాడిద మూడు పెట్టెలతో వచ్చింది. అన్నీ పాతరకమే, అవి ఎప్పుడో అడిగినవాళ్ళకు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత గాడిద రానేలేదు. అసలైన గుర్తు ఇదేనని జంబులు సంబరపడ్డాడు. కర్రెయ్య మేత మానేశాడు. ఇక ఆగలేక ధవళయ్య ఏటి ఒడ్డుకు తనే నడిచాడు.

సెలయమ్మ గుమ్మంలో కూర్చుని ఒక రాయిని వేళ్ళతో తడుముతోంది. ఎవరని అడిగింది. అతను ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆమె రెండు కళ్ళకూ తెల్లటి పొర కమ్మేసింది. వానల ముందు నుంచే చూపు తగ్గుతోందట. ఈ సంగతి తెలిస్తే ఎవరూ కొనరని భయపడి, చేయగలిగినన్ని చేస్తూ వచ్చిందట. కొత్త కెమెరా ఏదీ లేదు, ఇకమీదట పాతదీ లేదు.

ధవళయ్య కొట్టం సంగతి చెప్పుకున్నాడు. ఆమె చేతిలోని రాయి కింద పెట్టింది.

"ముందే నా దగ్గరికి రాకపోయావా తమ్ముడూ. కప్పు మీద నాలుగు తాటాకులు పీకేస్తే ఎండ లోపలే పడేది. నీ పాత కెమెరా సరిపోయేది."

ధవళయ్య వచ్చిన దారినే పరుగెత్తాడు. కొమ్ములతో తాటాకులు కుమ్మి పడేశాడు. ఎండ నేరుగా కర్రెయ్య మీద పడింది. మెడ మీద కాడి రాసిన మచ్చ, తెల్లబడ్డ ముట్టె, మూపురం పక్కన గాటు, అన్నీ తేటగా కనబడ్డాయి. ధవళయ్య వాటినే చూస్తూ నిలబడ్డాడు. వెచ్చదనం తగిలి కర్రెయ్య కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"కొత్తది వచ్చిందా? తీశావా?"

"తీశాను. బాగా వచ్చావు," అన్నాడు ధవళయ్య.

కర్రెయ్య పొద్దు వాలకముందే పోయాడు.

వారం తర్వాత ధవళయ్య రేవుకు వెళ్ళాడు. జంబులు దుకాణం ఖాళీగా ఉంది. కోతులు ఇచ్చిన తేనె సగం పులిసిపోయింది. ఉన్న కెమెరాలు గుట్ట దాటిపోయాయి, కోతులు ఒక్కటి కూడా తిరిగి ఇచ్చేది లేదన్నాయి. కొత్తదానికి ముందే చెప్పుకున్న జంతువులు రోజూ వచ్చి జంబులును నిలదీస్తున్నాయి. ధవళయ్య సెలయమ్మ కళ్ళ సంగతి చెప్పాడు. జంబులు ముఖం వాడిపోయింది.

"పెట్టెలు తగ్గాయన్నది నిజమే కదా మామా," అన్నాడు గొంతు తగ్గించి.

"నిజమే. ఎందుకు తగ్గాయని నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు," అని ధవళయ్య వెళ్ళిపోయాడు.

లెక్క ఎంత తగ్గిందో గడప బయటి నుంచే తెలుస్తుంది, ఎందుకు తగ్గిందో లోపలికి వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది.