వేట ఆగిన రోజుల్లో నూకాలు పెట్టిన కేక

వేట నిషేధం మొదలైంది. మరపడవలన్నీ ఒడ్డుకి చేరాయి, ఇంజన్లు ఆగాయి, సముద్రం అడుగున ఏడాదిలో ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. రొయ్యల చిటపటలు కూడా వినిపిస్తుంటే గొరక చేప నూకాలుకి ఒళ్లు పులకరించింది. గొరకలంటే పొట్టలోంచి గురగురమంటూ మాట్లాడే చేపలు. వాటి మందకి నూకాలే పెద్ద. మందలో యాభైమంది గుడ్లతో నిండుగా ఉన్నారు. వాళ్లని ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి క్షేమంగా చేర్చాలి, అదీ ఆవిడ బెంగ.

"పదండమ్మా, ఇయాల ఇసకదిబ్బ దారిన పోదాం," అని కేకేసింది.

దిబ్బ మలుపులో సొరచేప నోరు తెరుచుకుని కాచుకుంది. మంద చెల్లాచెదురై వెనక్కి వచ్చి పడింది. మందలోని పైడితల్లి తోక సగం పోయింది.

"నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. మనలో ఎవరో దానికి ఉప్పందిస్తన్నారు," అంది నూకాలు కోపంతో ఊగిపోతూ.

రాతి కిందనుంచి పీత అప్పన్న తొంగిచూశాడు. "ఇంకెవరత్తా, నువ్వే. నీ గొంతు దిబ్బ అవతలికి ఇనబడతంది."

"నానేటి సేసినాను? ఎప్పుడూ మాటాడినట్టే కదా మాటాడతన్నాను."

"అదే మరి. ఇంజన్ల రొదలో పక్కోళ్లకి ఇనబడాలని ఏడాదంతా అరిసినావు. ఇప్పుడు ఇంజన్లు లేవు, నీ అరుపు మిగిలింది."

నూకాలుకి తల కొట్టేసినట్టయింది. తన నోటితో తనే అక్కచెల్లెళ్లని సొరకి అప్పగిస్తోందన్నమాట. మరుక్షణమే ఒక ఆలోచన తట్టింది.

"అప్పన్నా, ఆటు ఎప్పుడు?"

"వచ్చేసినట్టే. ఇంకాసేపట్లో ఒడ్డు పక్కనున్న ఆ రాళ్ల సందులో నీరు తీసేస్తది."

అంతే. నూకాలు పొట్ట బిగించి, ఇంజన్లున్న రోజుల్లో కూడా అరవనంత గట్టిగా అరిచింది. "అందరూ ఇనండి. రాళ్ల సందులో దూరి, లోపలి గుంటలో దాక్కుందాం. సొరకి మాత్రం తెలీనియ్యకండి."

ఆ తర్వాత ఒక్కొక్కరి పక్కకీ చేరి గుసగుసలాడింది. "ఇసకదిబ్బ దారే. ఎవరూ నోరెత్తకండి."

సొర అప్పటికే సందులో దూరి, గుంటలో పడుకుని, ఈ పూట విందే అనుకుంటోంది. ఇక్కడ యాభైమందీ నవ్వు ఆపుకుంటూ దిబ్బ దాటేశారు. నీరు తీసింది. సందు ఎండిపోయింది, మళ్లీ పోటు వచ్చేదాకా సొరకి బయటికి దారి లేదు. ఇంతలో మొగ దగ్గర గుడ్లు పెడుతూ గొరకలు చేసే సందడి దాని చెవిన పడింది.

"నూకాలూ, రాళ్ల సందన్నావు కదే," అని ఏడుపు గొంతుతో అరిచింది సొర.

నూకాలు గొంతు పెంచలేదు. "నీకు ఇనబడాలనే అన్నాను," అంది నెమ్మదిగా. ఆ మాట కూడా సొరకి పొల్లుపోకుండా వినిపించింది.

గోల ఆగిన చోట మాట చాలా దూరం పోతుంది, కాబట్టి అనేవాళ్లూ ఆలోచించి అనాలి, చాటుగా వినేవాళ్లూ ఆలోచించి నమ్మాలి.