మొలకెత్తని బార్లీ

నాలుగో రోజు కూడా పీపాలో నురగ లేవలేదు. బ్రదర్ టైటస్ మూత తీసి చూశాడు. చెవి పెట్టి విన్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

అది కొండమీది మఠం. ఈస్టరు ముందు నలభై రోజులూ అక్కడి సన్యాసులు గట్టి పదార్థం ముట్టరు. మఠంలో కాచిన చిక్కటి బీరే వాళ్ళ తిండి. ఏటా దాన్ని కాచే ఫాదర్ ఆంబ్రోస్‌కి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. అందుకని ఈసారి ఆ పని శిష్యుడి మీద పడింది. టైటస్ ఇంతకుముందెప్పుడూ బీరు కాచి ఎరగడు. ఉపవాసాలు ఇంకో పదహారు రోజుల్లో మొదలవుతాయి.

నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు, తెల్లవార్లూ కలియబెట్టాడు. పాపం, ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. ఇప్పుడు చెయ్యెత్తే ఓపిక కూడా లేదు.

ఆంబ్రోస్ వచ్చి పీపాలోంచి ఒక చుక్క నాలుకమీద వేసుకున్నాడు.

"తీపే లేదు. పులియబెట్టే ఈస్టు ఏం తిని బతుకుతుంది? ఏ బస్తా విప్పావు?"

"తలుపు పక్కది, ఫాదర్."

"అది వంటకి వాడే బార్లీ. మొలకెత్తించి ఎండబెట్టింది దాని వెనకాల ఉంది."

టైటస్ ముఖం పాలిపోయింది. నాలుగు రోజులుగా పొద్దుటి జావ ఎందుకు తియ్యగా ఉంటోందో ఇప్పుడు అర్థమైంది. వంట చేసే బ్రదరు ఆ వెనక బస్తా విప్పాడన్నమాట. భోజనాల దగ్గర మాట్లాడకూడదు కనక అందరూ లొట్టలు వేసుకుని తాగి ఊరుకున్నారు.

"విప్పేటప్పుడు అనుమానం రాలేదా?"

"వచ్చింది. కానీ అప్పటికే సాయంకాలం గంట కొట్టేశారు. గంట కొట్టాక నోరు విప్పకూడదు కదా. మీరు పక్కనే ఉన్నా అడగలేదు." అంత నీరసంలోనూ టైటస్ మెడ కాస్త నిటారుగా నిలబడింది. "ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా నేను మౌనం తప్పలేదు, ఫాదర్."

ఆంబ్రోస్ పీపా మీద మూత పెట్టాడు.

"ఇక నా వల్ల కాదు. ఇంకెవరికైనా అప్పగించండి. నన్ను ఇంటికి పంపేసినా సరే."

ఆంబ్రోస్ గుమ్మం వైపు నడిచాడు.

ఆ మధ్యాహ్నం వంట బ్రదరు సిగ్గుపడుతూ వచ్చి, సామాను కొట్టు ఊడ్చి, బస్తాలన్నీ వరస మార్చి మరో గోడ వారకి చేర్చి వెళ్ళాడు. మొలక బార్లీ ఇంకొక్కసారి బీరు కాచడానికి సరిపడా మిగిలింది. అదీ పాడైతే నలభై రోజులూ అందరికీ మంచినీళ్ళే గతి.

సాయంకాలం గంట మోగింది. అప్పుడు వచ్చాడు ఆంబ్రోస్. పొయ్యి రాజేసి, కాగులో నీళ్ళు పోసి, బార్లీ తెమ్మని సైగ చేశాడు.

టైటస్ రెండు బస్తాల మూతులు విప్పాడు. రెండింట్లోనూ ఒకే రంగు గింజలు. ఒకదాంట్లో చెయ్యి పెట్టి తీసేశాడు. రెండోదాంట్లో పెట్టి తీసేశాడు. కాగు మీద ఆవిరి లేస్తోంది. గురువు కదలకుండా చూస్తున్నాడు.

టైటస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత అలసట అతను ఎన్నడూ ఎరగడు.

"ఫాదర్, నాకు తెలియడం లేదు," అన్నాడు. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. "మొలకది ఏది?"

ఆంబ్రోస్ మెల్లగా వచ్చి బస్తాల పక్కన కూలబడ్డాడు.

"చూస్తే నాకూ తెలియదు, నాయనా. నలభై ఏళ్ళుగా నమిలే చూస్తున్నాను."