బొట్టు నిలవని తలుపు

కాకినాడ దగ్గర సముద్రపొడ్డున రొయ్యలు గడ్డకట్టించే ఒక ఫ్యాక్టరీలో తాతారావు అనే మెకానిక్ ఉండేవాడు. పనిలో చెయ్యి మంచిదే కానీ, చూడనిదాన్ని కూడా "చూసేశాను" అనడం అతని జబ్బు.

ఇంట్లోనూ అదే వరస. "ఏవండీ, గ్యాస్ కట్టేశారా?" అని భార్య మాణిక్యం అడిగితే, మంచం మీంచి లేవకుండానే "ఎప్పుడో కట్టేశాను" అనేవాడు. ఆవిడ వెళ్లి చూస్తే పొయ్యి సన్నగా మండుతూనే ఉండేది.

"మీ కళ్లు మంచం మీద నుంచే వంటింట్లోకి వెళ్లొస్తాయి కాబోలు," అని మాణిక్యం దెప్పేది.

తాతారావు నవ్వేసేవాడు. ఇల్లు కాలలేదు కదా, ఇంకెందుకు బాధ!

మాణిక్యం కూడా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేది. గడ్డకట్టిన రొయ్యల పెట్టెలు దాచే చలిగది ఆవిడ అజమాయిషీలో ఉండేది. లోపల వొళ్లు కొయ్యబారిపోయే చలి. దానికి మందపాటి ఇనుప తలుపు. సరుకు దొంగల పాలు కాకుండా, పనివేళల్లో తప్ప తెరుచుకోని కరెంటు తాళం ఒకటి దానికి బిగించారు. తలుపు పక్కన గోడలో ఉన్న చిన్న పెట్టె తేదీ, టైము చూసుకుని ఆ తాళాన్ని తీసేది, వేసేది. పొరపాటున ఎవరైనా లోపల చిక్కుకుంటే తలుపు తెరుచుకోవడానికి లోపలి వైపు ఒక ఇనుప మీట కూడా ఉండేది.

అది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది డిసెంబరు. కొత్త సంవత్సరం వస్తే యంత్రాలకు మతి పోతుందని ఎక్కడ చూసినా ఒకటే గోల. చాలా యంత్రాలు సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే గుర్తుపెట్టుకునేవి. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే, అదేం సంవత్సరమో తెలీక అవి ఏం చేస్తాయో! ఆ భయంతోనే యజమాని విశాఖపట్నం నుంచి నఫీసా అనే ఇంజనీరమ్మను పిలిపించాడు.

"తేదీతో నడిచే ప్రతి పెట్టెనూ నాకు చూపించాలి. గోడలో ఉన్నా సరే, అటక మీదున్నా సరే, ఒక్కటీ వదలొద్దు," అంది నఫీసా.

"దానికేం భాగ్యం మేడమ్!" అన్నాడు తాతారావు.

మరి మనవాడు చూపించిన తీరు వినండి. దసరాల్లో ఆయుధపూజ నాడు ఆ ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేవారు. ఆ బొట్లు డిసెంబరు దాకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. తాతారావు ఆ బొట్ల వెంటే నఫీసాను తిప్పాడు. బొట్టుంటే యంత్రం, లేకపోతే గోడ! తలుపు పక్కనున్న పెట్టెకు మాణిక్యమే స్వయంగా బొట్టు పెట్టింది కానీ, చలిగది తలుపు చుట్టూ ఎప్పుడూ చెమ్మే. ఆ బొట్టు సాయంత్రానికే కారిపోయింది. తాతారావు దాని ముందు నుంచే నడిచి వెళ్లాడు, తల కూడా తిప్పలేదు.

నఫీసా తనకు చూపించినవన్నీ ఒక్కొక్కటే విప్పి, మార్చాల్సినవి మార్చి, సరిచేసింది.

"ఇక్కడితో అన్నీ అయినట్టేనా? చలిగది దగ్గరేమైనా ఉందా?" అని అడిగింది.

"చూసేశాను మేడమ్. అక్కడ తలుపు తప్ప ఏం లేదు," అన్నాడు తాతారావు.

మర్నాడు పొద్దున్న అన్నం క్యారియరు కడుతూ మాణిక్యం అంది: "ఏవండీ, చలిగదిలో లోపలి మీట మంచు పట్టి బిగుసుకుపోతోందని చెప్పానే, చూశారా?"

"ఎప్పుడో చూసేశాను. వెన్నలా తిరుగుతోంది," అన్నాడు తాతారావు. వానాకాలం నుంచీ అతను ఆ మీట మొహం చూస్తే ఒట్టు. పాపం, మాణిక్యం ఆ మాట నమ్మింది.

ఆ మధ్యాహ్నం పరీక్ష పెట్టారు. ఫ్యాక్టరీలో అన్ని పెట్టెలకూ టైము చెప్పే పెద్ద గడియారం ఒకటి ఆఫీసులో ఉంది. దాన్ని ముందుకు తిప్పి, కొత్త సంవత్సరం వచ్చేసినట్టు చేసి చూడాలని నఫీసా ఆలోచన.

"తిప్పేముందు మనుషులంతా బయట ఉండాలి. చూసి రండి," అంది.

తాతారావు ఆఫీసు గుమ్మం దాకా వెళ్లాడు. వాకిట్లో జనం కనబడ్డారు. వెనక్కి వచ్చి, "చూశాను మేడమ్, అందరూ బయటే ఉన్నారు," అన్నాడు.

గడియారం తిరిగింది. సున్నా సున్నా పడింది. యంత్రాలన్నీ ఎప్పటిలాగే గుర్రుమంటూ నడిచాయి. వాకిట్లో చప్పట్లే చప్పట్లు! యజమాని లడ్డూలు పంచాడు. తాతారావు లడ్డూ పట్టుకుని, తన గొప్ప చెప్పుకుందామని భార్య కోసం వెతికాడు.

"మాణిక్యం ఏదీ?"

"సాయానికి బుల్లెమ్మను తీసుకుని పెట్టెలు సర్దడానికి చలిగదిలోకి వెళ్లిందిగా! ఇంకా రాలేదా?" అందొకామె.

లడ్డూ చేతిలోంచి జారిపోయింది. తాతారావు పరుగెత్తాడు. తలుపు లాగాడు, రాలేదు. గుద్దాడు, అరిచాడు. చెవి ఆనించి వింటే లోపలెక్కడో సన్నగా టకటకమని చప్పుడు. అయ్యో దేవుడా! బయట అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడు వాళ్లు లోపల తలుపు కొడుతున్నారన్నమాట.

వెనకే వచ్చిన నఫీసా, గోడలో ఎర్రగా మిణుకుమంటున్న పెట్టెను చూసి కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

"ఇది... ఇది నాకెందుకు చూపించలేదు?"

 తాతారావు అన్నాడు: "దానికి బొట్టు లేదు మేడమ్."

 నఫీసా వెంటనే ఆఫీసుకు పరుగెత్తి గడియారాన్ని వెనక్కి తిప్పింది. సున్నా సున్నా చూసి మతి పోయి తాళం వేసేసిన పెట్టె మళ్లీ దారికి రాలేదు. కరెంటు తీసేశారు. అయినా తాళం వదల్లేదు.

"లోపల మీట ఉందిగా! అది తిప్పుకుని రావచ్చుగా!" అని యజమాని అరిచాడు.

ఎందుకు రావడం లేదో అక్కడ ఒక్క తాతారావుకే తెలుసు. గునపం తెచ్చి, తలుపు మడతబందుల మీద పిచ్చివాడిలా పొడిచాడు. అరచేతులు చిట్లి నెత్తురు కారింది. నలుగురూ తలో చెయ్యి వేసి లాగితే తలుపు ఊడి పడింది.

తెల్లని చలిపొగ బయటికి వచ్చింది. లోపల ఉబ్బసం మనిషి బుల్లెమ్మ రెండు కోట్లు కప్పుకుని మూలన ముడుచుకుని ఉంది. అందులో ఒక కోటు మాణిక్యానిది. మాణిక్యం ఉత్త చీరతో, తలుపున్న చోటే కూలబడి ఉంది. కుడిచెయ్యి మీటకు అంటుకుపోయి, తలుపు ఊడినప్పుడు చర్మం చీరుకుపోయి నెత్తురోడుతోంది.

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఏవండీ... మీట చూశానన్నారు కదా?" అంది.

తాతారావు అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

ఇద్దరూ బతికి బయటపడ్డారు. కానీ మాణిక్యం కుడిచేతి వేళ్లలో రెండింటిని డాక్టర్లు తీసేయాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక ఆవిడ తాతారావును ఒక్క మాటా అనలేదు. పొయ్యి ఆర్పారా అని మాత్రం మళ్లీ ఎన్నడూ అడగలేదు. తనే లేచి, వెళ్లి చూసుకునేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా తాతారావుకు మంచం మీద ముళ్లున్నట్టు ఉండేది.

మళ్లీ దసరా వచ్చేసరికి చలిగదికి కొత్త తలుపు, గోడలో కొత్త పెట్టె బిగించారు. మాణిక్యం ఎడమచేత్తో ఆ గోడ పెట్టెకు బొట్టు పెట్టింది. చూస్తుండగానే చెమ్మకు కుంకుమ కరిగి కిందికి కారింది. తాతారావు పెట్టె మూత విప్పి లోపలంతా చూశాడు. చలిగదిలోకి వెళ్లి, తలుపు వేయించుకుని, మీట తిప్పి తనే బయటికి వచ్చాడు.

"చూశాను మాణిక్యం," అన్నాడు నెమ్మదిగా.

మాణిక్యం ఒక్క క్షణం అతని వంక చూసింది. తర్వాత తనూ లోపలికి వెళ్లి, ఎడమచేత్తో మీట తిప్పి చూసుకుని వచ్చింది.

నీతి: కళ్లారా చూడకుండా "చూశాను" అనకూడదు; ఆ అబద్ధానికి దెబ్బ తినేది చెప్పినవాడు కాదు, అతణ్ని నమ్మినవాళ్లు.