ముద్ర లేని దురద

మల్లెగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే వీరభూపతికి రాజగురువు త్రివిక్రమశాస్త్రి మాటంటే వేదవాక్కు. ఎవరికి దైవానుభవం కలిగినా శాస్త్రిగారు పరీక్షించి ముద్ర వేయాలనీ, ముద్ర లేని అనుభవం చెల్లదనీ రాజు చాటింపు వేయించాడు. పనీపాటా లేని రాజులకు ఇలాంటి ఊహలే వస్తాయి!

ఆ రాజ్యంలోనే పిండి విసిరి బతికే ముసలమ్మ ఎర్రక్క. రోజూ తిరగలి ముందు కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేది. "దేవుడు నా లోపలే ఉండాడు. నాకు తెలుస్తానే ఉంది" అనేది. ముద్ర కోసం మాత్రం వెళ్ళలేదు. శాస్త్రి మండిపడ్డాడు. మూడు రోజుల్లో రాజ్యం విడిచి పొమ్మని ఆమెకు రాజాజ్ఞ అయింది. ఆ వయసులో ఎక్కడికి పోతుంది, పాపం!

ఆ సంగతి విని ఆస్థాన క్షురకుడు సింగన ఎలాగైనా ఆమెను కాపాడాలనుకున్నాడు. మర్నాడు అతను రాజుగారికి గడ్డం గీస్తున్నాడు. సగం అయ్యేసరికి రాజు మెలికలు తిరగసాగాడు.

"ఒరే సింగా, వీపు గోకరా! ఎడమ భుజం కింద."

సింగన కత్తి పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"అక్కడ దురదగా ఉందని శాస్త్రిగారు ముద్ర వేశారా ప్రభూ?"

"నా దురదకు ఆయన ముద్ర ఎందుకురా?"

"లోపల తెలిసేదానికి ముద్ర ఉండాలన్నది తమరే కదా! ఉండండి, పిలిపిస్తాను."

శాస్త్రి వచ్చాడు. తాళపత్రాలు విప్పాడు. వేళ్ళు మడిచి ఏవేవో లెక్కలు కట్టాడు. రాజు అంతసేపూ పక్కనున్న స్తంభానికి వీపు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"మహాప్రభూ, ఈ తిథినాడు దురద కుడి మోకాలికే పుట్టాలి. వీపున ఉన్నది మీ భ్రమ."

"భ్రమా! వీపు నాది, దురద నాది. నాకు తెలియనిది నీకు తెలుస్తుందా?" అని గర్జించాడు రాజు.

సింగన రాజు వీపు గోకుతూ మెల్లగా అన్నాడు, "ఎర్రక్క అన్నదీ అదే ప్రభూ."

గోకుడు హాయిగానే ఉంది, మాట మాత్రం గుచ్చుకుంది. రాజు వెంటనే ఆజ్ఞ రద్దు చేశాడు. తన చేతి కంకణం తీసి సింగనకు తొడిగాడు. ఎర్రక్కను సగౌరవంగా పిలిపించాడు.

"తప్పయింది తల్లీ. ఇంతకీ నాలో కూడా దేవుడున్నాడా? నువ్వే చెప్పాలి."

ఎర్రక్క బోసినోటితో నవ్వింది. "అదేంది దొరా, మళ్ళీ నన్నడుగుతారు?"

రాజు పగలబడి నవ్వాడు. కాస్త ఆలస్యంగానే అయినా, శాస్త్రికి కూడా నవ్వు ఆగలేదు.