మధ్యాహ్నం గూటికి వచ్చిన చిలక

అనగనగా మణికూట దేశంలో ఒక పిరికి రాజు ఉండేవాడు. రాజుని పిరికివాడు అనకూడదంటారు గాని పిల్లలూ, నేను అంటాను. ఎందుకంటానో మీరే వినండి.

ఆ రాజు పేరు ధర్మకేతుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి. రెండోవాడు మాటకారి. మూడోవాడు రుద్రసేనుడు, వట్టి కోపిష్టి. ఎక్కడైనా అన్యాయం కనబడిందా, ముక్కుపుటాలు అదిరేవి, మాట తడబడేది. "వీడికి రాజ్యం ఇస్తే తగలబెడతాడు" అని మంత్రులు గుసగుసలాడుకునేవాళ్ళు.

ఒకనాడు పట్టపగలు సూర్యుడు అంచున కొరికిన అప్పంలా అయిపోయాడు. ఊరంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు కోట ముంగిట్లో ఒక మాంత్రికుడు ప్రత్యక్షమయ్యాడు. వాడి పేరు గ్రహగ్రాసుడు. నల్లటి అంగీ, మోకాళ్ళ దాకా గడ్డం.

"రాజా! సూర్యుణ్ణి నేనే మింగుతున్నాను. నా ద్వీపంలో రాళ్ళు మోయడానికి నూరుమంది పడుచువాళ్ళని ఇవ్వు. లేదా మొత్తం మింగేస్తాను" అన్నాడు.

రాజు గడగడ వణికాడు. ఇచ్చేశాడు. నూరుమందినీ ఎక్కించుకుని మాంత్రికుడి ఓడ కదిలిందో లేదో, సూర్యుడు మళ్ళీ నిండుగా వెలిగాడు. "చూశారా, మాట నిలబెట్టుకున్నాడు" అన్నారు మంత్రులు.

రెండోసారి గ్రహణం పట్టింది. రెండోసారి వచ్చాడు. రెండోసారి నూరుమందిని తీసుకుపోయాడు.

మూడోసారి ఫాల్గుణ అమావాస్యనాడు పట్టింది. మూడోసారీ వచ్చాడు. ఈసారి మాత్రం జనంలోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. ఆయన పేరు గర్గయ్య. ఆకాశంలో చుక్కల నడకలు లెక్కగట్టేవాడు.

"ప్రభూ, వీడు నా దగ్గర శిష్యుడిగా చేరి నా తాటాకుల కట్ట ఎత్తుకుపోయిన దొంగ. గ్రహణం ఏనాడు పడుతుందో ఆ కట్ట చూసుకుని వస్తున్నాడు, అంతే. సూర్యుణ్ణి ఎవరూ మింగడం లేదు. చంద్రుడు అడ్డం వచ్చాడు. నాలుగు ఘడియలు ఆగండి. ఎవర్నీ పంపకండి. సూర్యుడు తనంతట తానే బయటికి వస్తాడు" అన్నాడు.

మాంత్రికుడి కళ్ళు మెరిశాయి. ఎందుకంటే ఆ కట్టలో రాసి ఉన్న చివరి గ్రహణం ఇదే. మళ్ళీ ఎప్పుడు పడుతుందో వాడికి తెలియదు. లెక్క కట్టే మనిషి కావాలి.

"ఈసారి నూరుమందితో పాటు ఈ ముసలివాణ్ణి కూడా ఇవ్వు" అన్నాడు.

రాజు గర్గయ్య ముఖం చూడలేదు. తల దించుకున్నాడు. చేత్తో సైగ చేశాడు. భటులు గర్గయ్య రెక్కలు విరిచి కట్టారు.

అందుకన్నాను పిరికివాడని.

వేట నుంచి తిరిగొచ్చిన రుద్రసేనుడు ఈ సంగతి విని సభలోకి దూసుకొచ్చాడు. "నాన్నగారూ! నాలుగు ఘడియలు! నాలుగే నాలుగు ఘడియలు ఆగమన్నాడు. ఆగలేకపోయారా?"

"ఒకవేళ వాడు నిజంగానే మింగేస్తే, నాయనా?" అన్నాడు రాజు.

"ఆ ఒకవేళ ఏమిటో మూడువందలమంది తల్లుల దగ్గరికి వెళ్ళి చెప్పండి!"

పెద్దకొడుకు సిగ్గుపడి పన్నెండు ఓడలతో బయలుదేరాడు. మాంత్రికుడి ద్వీపం చుట్టూ రంపపు పళ్ళలాంటి రాళ్ళున్నాయి. ఓడలన్నీ పగిలిపోతే చెక్క పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. రెండోవాడు కానుకలతో బతిమాలడానికి వెళ్ళాడు. రాళ్ళ ఇవతలికి ఓడలో వచ్చిన మాంత్రికుడి కాళ్ళకు మొక్కి, కానుకలిచ్చి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

రుద్రసేనుడు వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగలేదు, ఓడలూ అడగలేదు, కానుకలూ అడగలేదు. ఆ గ్రహణం రోజునే తిన్నగా గర్గయ్య ఇంటికి వెళ్ళాడు. అక్కడ గర్గయ్య కూతురు విశాఖ వాకిట్లో బొగ్గుతో గీతలు గీస్తూ, చెరిపేస్తూ, మళ్ళీ గీస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడుపుతో కాదు.

"నీ తండ్రిని తీసుకురావడానికి వెళ్తున్నాను" అన్నాడు.

"మీ నాన్నగారు పంపితేనే కదండీ మా నాన్న వెళ్ళాడు" అంది విశాఖ. లేచి నిలబడనైనా లేదు. "వెళ్ళి ఏం చేస్తారు? కత్తి దూస్తారా? వాడు కత్తికి చావడు. ఇవాళ్టి నుంచి ఆరు నెలలకి భాద్రపద అమావాస్య. ఆనాడు సరిగ్గా వాడి ద్వీపం మీద సూర్యుడు పూర్తిగా కప్పబడిపోతాడు. ఆ సంగతి వాడికి తెలియదు. నాకు తెలుసు. నన్ను తీసుకెళ్తే రండి. లేకపోతే దారి ఇవ్వండి."

ఇద్దరూ సముద్రం ఒడ్డుకు వెళ్ళారు. అక్కడ మాంత్రికుడు గుడ్లు దోచుకుని, తిరగేసి వదిలేసిన ముసలి తాబేలు ఒకటి ఇసుకలో కాళ్ళు ఆడిస్తోంది. ఇద్దరూ కలిసి దాన్ని సరిగ్గా నిలబెట్టారు.

"మీ ఇద్దరి ముఖాల్లోనూ నా కడుపులో ఉన్న మంటే కనిపిస్తోంది" అంది తాబేలు. "ఎక్కండి. ఏడు సముద్రాలూ నేను దాటిస్తాను. వాడి ద్వీపం చుట్టూ ఉన్న రాళ్ళని మామూలు రోజుల్లో ఎవరూ దాటలేరు. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలబడి సముద్రాన్ని లాగుతారు. అప్పుడు పెద్ద పోటు వస్తుంది, రాళ్ళు మునుగుతాయి. అదే అదను. ఇంకో మాట. వాడి ప్రాణం ఒక చిలక కాలికి కట్టిన నల్లదారంలో ఉంది. పగలంతా ఆ చిలక మబ్బులపైన తిరుగుతుంది, బాణానికి అందదు. చీకటి పడగానే గుహలోకి వస్తుంది. వాడు బండరాయి మూసేసి దాన్ని గుప్పిట్లో పెట్టుకుని పడుకుంటాడు."

విశాఖ గట్టిగా ఊపిరి తీసుకుంది. "చీకటి పడగానే వస్తుందా అవ్వా?"

"చీకటి పడగానే."

"అయితే మధ్యాహ్నమే వస్తుంది" అంది విశాఖ.

ఏడు సముద్రాలు దాటడానికి ఆరు నెలలు పట్టింది. ఒక పొద్దున ఆకాశంలో సగం చంద్రుడు కనిపిస్తే, విశాఖ సున్నం పూసిన వెలక్కాయని ఎండలో ఆ చంద్రుడి పక్కకి ఎత్తి పట్టుకుంది. వెలక్కాయకి ఎటువైపు ఎండ పడిందో, చంద్రుడికీ అటువైపే వెలుగుంది. ఎంత వెలుగుందో అంతే ఉంది.

"చంద్రుడికి సొంత వెలుగు లేదు. ఎప్పుడూ సగం ఎండలో, సగం నీడలో ఉంటాడు. మన చుట్టూ తిరుగుతూ ఉంటే ఆ ఎండ సగం మనకి ఒకరోజు కొంచెం, ఒకరోజు ఎక్కువ కనిపిస్తుంది. ఇరవై తొమ్మిదిన్నర రోజులకోసారి మనకీ సూర్యుడికీ మధ్యకి వస్తాడు. అదే అమావాస్య."

"మరి ప్రతి అమావాస్యకీ గ్రహణం పట్టదేం?"

"చంద్రుడి దారి కాస్త వాలుగా ఉంటుందండీ. చాలాసార్లు సూర్యుడికి పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు. ఎప్పుడో సూటిగా వస్తాడు. అప్పుడే కప్పుతాడు."

"అంత చిన్నవాడు అంత పెద్ద సూర్యుణ్ణి ఎలా కప్పుతాడు?"

"మీ బొటనవేలు కంటి ముందు పెట్టి, అదిగో, దూరంగా ఆ దీవిలో ఉన్న కొండని చూడండి."

రుద్రసేనుడు చూశాడు. కొండ మాయమైంది. అతని ముక్కుపుటాలు అదిరాయి. "ఇంతేనా? ఇంత తేలిక సంగతికా మూడువందలమందిని ఇచ్చేశాం? మాకెవరూ చెప్పలేదేం?"

"నాన్న చెబుతూనే ఉన్నాడు. వింటేనా?"

రుద్రసేనుడు బొటనవేలు దించేశాడు.

భాద్రపద అమావాస్య పొద్దున సముద్రం పోటెత్తింది. తాబేలు రాళ్ళపైనుంచి వాళ్ళని ద్వీపంలో దింపింది. ఎండలో వందలమంది సంకెళ్ళతో రాళ్ళు మోస్తున్నారు. ఎముకల గూళ్ళలా ఉన్నారు. ఒక చెట్టుకి గర్గయ్యని కట్టేసి మాంత్రికుడు కొరడా పట్టుకుని నిలబడ్డాడు. "లెక్క కట్టు! మళ్ళీ గ్రహణం ఎప్పుడు?" గర్గయ్య పెదవి విప్పడం లేదు.

రుద్రసేనుడు కత్తి పట్టుకున్నాడు. విశాఖ అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆ కొరడా పడుతున్నది మా నాన్న ఒంటిమీద. నేనే ఓర్చుకుంటున్నాను. మీరు గుహ దగ్గరికి వెళ్ళండి."

అతను పళ్ళు బిగించి వెళ్ళాడు. మూసిన బండరాయి పక్కన, పొద వెనక కూర్చున్నాడు. విశాఖ మాత్రం దాక్కోలేదు. తిన్నగా నడిచి వెళ్ళి మాంత్రికుడి ముందు నిలబడింది.

"సూర్యుణ్ణి మింగేది నువ్వేనట కదా. ఇప్పుడు మింగు, చూస్తాను."

వాడు నవ్వాడు. "ఇవాళ ఆకలిగా లేదు, పిల్లా."

"అయితే వెలిగించే ఉంచు. ఇవాళ నడిమధ్యాహ్నం సూర్యుడు కనబడకుండా పోతాడు. చేతనైతే ఆపు!" అని విశాఖ జనం వైపు తిరిగింది. "పైకి చూడకండి, కళ్ళు పోతాయి. ఆ చెట్టు నీడ చూడండి!"

అందరూ చూశారు. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే గుండ్రటి ఎండ చుక్కలన్నీ కొడవళ్ళలా వంగిపోయాయి. వందలాది చిన్న చిన్న కొడవళ్ళు. అవి సన్నబడుతున్నాయి. గాలి చల్లబడింది. పడమటి నుంచి నీడ ఒకటి సముద్రంమీద గుర్రాల దండులా వచ్చి పడింది.

పట్టపగలు చీకటైపోయింది. చుక్కలు పొడిచాయి. సూర్యుడుండే చోట నల్లటి బిళ్ళ, దాని చుట్టూ వెండి జుట్టు.

గ్రహగ్రాసుడు కొరడా వదిలేసి నేలమీద బోర్లా పడ్డాడు. "నేను కాదు! నేనేం చేయలేదు!" అని అరిచాడు. సంకెళ్ళలో ఉన్నవాళ్ళందరూ ఆ మాట విన్నారు. చెట్టుకి కట్టేసి ఉన్న గర్గయ్య ఆరు నెలల తరవాత మొదటిసారి నోరు తెరిచాడు. "విన్నారా? ఇన్నాళ్ళూ చేశానన్నవాడు ఇప్పుడు చేయలేదంటున్నాడు!"

అదే సమయానికి పొద్దుగూకిందనుకుని చిలక మబ్బుల్లోంచి దిగింది. గుహ మూసి ఉంది. బిత్తరపోయి బండమీద వాలింది. రుద్రసేనుడు ఒక్క ఉదుటున పట్టుకున్నాడు. పీక మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"నన్నేం చేయకు, యువరాజా!" అంది చిలక. "నాకు తోడు లేదు, పిల్లలు లేరు. ఆ పాపిష్టివాడి ప్రాణం మొయ్యలేక చస్తున్నాను. ఆ దారం తెంపు."

అతను చిలకని చూశాడు. దాని కాలు దారం ఒరిపిడికి పుండై ఉంది. వేళ్ళు వదులయ్యాయి. దారాన్ని పళ్ళతో పట్టి తెంపాడు.

తాంబూలం నమిలేంత సేపటికి చంద్రుడు పక్కకి జరిగాడు. ఎండ ఉంగరంలో రవ్వలా మెరిసి, మళ్ళీ పరుచుకుంది. ఆ ఎండలో నల్లటి అంగీ ఒకటి నేలమీద పడి ఉంది. లోపల ఎవరూ లేరు. సంకెళ్ళు వాటంతటవే ఊడిపోయాయి. విశాఖ కట్లు విప్పుతుంటే గర్గయ్య, "లెక్క ఎన్ని విఘడియలు తేడా వచ్చిందే?" అన్నాడు. "రెండే, నాన్నా" అని, అప్పుడు ఏడ్చింది విశాఖ.

మాంత్రికుడి ఓడలోనే అందరూ తిరిగొచ్చారు. అందరూ అంటే అందరూ కాదు. పన్నెండుమంది అంతకుముందే రాళ్ళకింద పడి చనిపోయారు.

రాజు పూలమాలతో రేవుకి ఎదురొచ్చాడు. రుద్రసేనుడు మెడ వంచలేదు.

"ఆ మాల నాకొద్దు. పన్నెండుమంది తిరిగి రాలేదు. సూర్యుడు ఏ ఒక్కరోజూ మీ మీద అలగలేదు, నాన్నగారూ. వాళ్ళని మాంత్రికుడు తీసుకుపోలేదు. మీరిచ్చారు."

రాజు గర్గయ్య కాళ్ళమీద పడబోయాడు. గర్గయ్య వెనక్కి జరిగాడు. "నేను బతికే ఉన్నాను కదా ప్రభూ. ఆ పన్నెండు ఇళ్ళకీ వెళ్ళండి."

ధర్మకేతుడు కిరీటం తీసేశాడు. పెద్దకొడుకులిద్దరూ మాకొద్దంటే అది రుద్రసేనుడికి వచ్చింది. రుద్రసేనుడు విశాఖని పెళ్ళాడతానని అడిగాడు. విశాఖ ఒకటే షరతు పెట్టింది. దేశంలో ప్రతి బడిలోనూ సూర్యచంద్రుల నడక పిల్లలకి చెప్పాలి, అడిగిన ప్రశ్నకి కసురుకున్న పంతుల్ని మర్నాడే పంపించేయాలి. "అదేరోజు పంపించేస్తాను" అన్నాడు రుద్రసేనుడు. ఏడురోజులు పెళ్ళి జరిగింది. వాళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళు ఏలారు. రుద్రసేనుడి కోపం ఏమీ తగ్గలేదు. అబద్ధాలాడేవాళ్ళు మాత్రం తగ్గారు.

పాత రాజు చెప్పుల్లేకుండా పన్నెండు గడపలకీ వెళ్ళాడు. కొందరు తిట్టారు. కొందరు దుమ్మెత్తిపోశారు. పన్నెండో ఇంట్లో చెంచమ్మ అనే కుమ్మరి ఆవిడ అసలు తలుపే తీయలేదు. ఆయన మర్నాడూ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. మూడేళ్ళు వెళ్ళాడు. మూడో ఏడు నడివేసవిలో ఒకరోజు తలుపు తెరుచుకుంది. చెంచమ్మ ముంతెడు మంచినీళ్ళు గడపమీద పెట్టి, ఒక్క మాటా అనకుండా మళ్ళీ తలుపేసుకుంది. ఆయన ఆ ఎండలో నిలబడి, చుక్క కింద పడకుండా తాగాడు.

చెప్పిన నా నోరు ఎండింది, విన్న మీ కళ్ళు వెలిగాయి. ఇక లేవండి.