విప్పని మూట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులిరాజు పెట్టిన కోర్టు ఉండేది. నవ్వకండర్రా, నిజం కోర్టే. ఏనుగు జడ్జి, కొంగ గుమాస్తా, దుమ్ములగొండి పోలీసు.

ఒకనాడు రాజుగారి తోటలో కందగడ్డలు పోయాయి. దుమ్ములగొండి వెళ్లి వెతికితే ఒక ఏదుముల్లు, సగం తిన్న గడ్డ ఒకటి దొరికాయి. ఆ రెంటినీ మూటగట్టి, లక్కముద్ర వేసి, ముళ్లక్క అనే ఏదుపందిని పట్టుకొచ్చి రాతిగుహలో తోసింది.

"ఆ దారినే రోజూ నడుస్తాను. ముళ్లు రాలతాయి. రాలిన ప్రతి ముల్లుకూ ఒక దొంగతనం అంటగడతారా?" అంది ముళ్లక్క.

"అదంతా విచారణలో చెప్పుకో," అంది దుమ్ములగొండి.

సొంత ఇల్లున్నవాళ్లు జామీను నిలబడితే ఇంటికి పంపుతామన్నారు. పొరుగున ఉండే తాబేలు తాత వచ్చి వీపు చూపించాడు.

"ఇదిగో ఇల్లు."

"కదిలే ఇల్లు చెల్లదు," అంది కొంగ.

తాత తల లోపలికి లాక్కున్నాడు. "నీ పిల్లను నేను చూసుకుంటాలే తల్లీ," అని మెల్లగా వెళ్లిపోయాడు.

ఎండలు పోయి, వానలు పోయి, మొదటి వాయిదా వచ్చింది. జడ్జి రాలేదు. రాజుగారి ఊరేగింపులో అంబారీ మోయడానికి పోయింది.

కొంగ ముళ్లక్క చెవి దగ్గరికి వంగింది. "ఒప్పేసుకో ముళ్లక్కా. కంద దొంగకు శిక్ష నెలరోజులే. అంతకు మించి ఎప్పుడో అనుభవించావు. ఒప్పుకున్న మరుక్షణం ఇంటికి పోవచ్చు."

"నా బుడ్డిదాన్ని దొంగపిల్ల అంటారు. ఒప్పుకోను."

మరో ఏడాదికి పడ్డ రెండో వాయిదాకు ఏనుగు వచ్చింది. "అయ్యా, ఆ మూట ఒక్కసారి విప్పించండి," అని వేడుకుంది ముళ్లక్క.

"కట్టిన పోలీసు ఎదుట లేకుండా విప్పరాదు," అంది ఏనుగు. కట్టిన పోలీసు ఎక్కడో పెళ్లివిందులో ఎముకలు కొరుకుతోంది.

"నీ పంతం నీదే. అవతల పిల్ల పెరిగిపోతోంది," అంది కొంగ.

ముళ్లక్క విప్పని మూట వైపు చూసింది. "ఒప్పుకోను," అంది.

ఇంకో ఏడాది గడిచాక మూడో వాయిదాకు అందరూ వచ్చారు. లక్క పగలగొట్టారు. గడ్డ ఎండి పిడకలా అయిపోయింది. దాని మీద గాటు మాత్రం అలాగే ఉంది. లోతుగా, పొడుగ్గా, అడవిపంది కోర దిగిన గాటు. ఏదుపంది గడ్డను పళ్లతో గీరుకుని తింటుంది, అలా చీల్చదు. చూస్తే పసిపిల్లకైనా తెలుస్తుంది. చూడాలి కదా మరి.

"నిర్దోషి," అని ఏనుగు తొండమెత్తింది. ఆహా, ఏం తీర్పు అని కొలువంతా మెచ్చుకుంది. అడవిపంది అప్పటికే కొండలు దాటిపోయింది.

ముళ్లక్క పరుగున ఇంటికి చేరింది. కలుగు ముందు ముళ్లు గట్టిపడిన పిల్ల ఒకటి అడ్డంగా నిలబడింది.

"ఎవరు నువ్వు?"

"మీ అమ్మనే బుడ్డీ."

పిల్ల ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "మా అమ్మ కంద దొంగ. నన్నందరూ దొంగపిల్లా అనే పిలుస్తారు."

"కాదని తేలిందమ్మా. మూట విప్పి చూశారు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు విప్పలేదు?"

"అది అంబారీ మోసిన ఆ ఏనుగును అడగాలమ్మా," అంది ముళ్లక్క.

నిర్దోషిని ఏళ్లతరబడి ఎదురుచూడనిచ్చే న్యాయం, తీర్పు చెప్పకముందే శిక్ష వేసేసినట్టే.