ఉడత ఎలకలకిచ్చిన మాట

“ఇకమీదట మీ మీద ఎవరి చెయ్యీ బలవంతంగా పడదు. ఇది నా మాట.”

ఫకీర్లుండే తకియా వసారాలో, నలుగురి ముందు, బోనుకేసి తిరిగి పురందర్ అన్న మాట అది. బోనులో ఉన్న నాలుగు ప్రాణులూ ఎండుగడ్డిలో తలలు దూర్చి కూర్చున్నాయి. విన్నవాళ్లలో, వచ్చినవాళ్లకు అన్నంపెట్టే లంగరులో వంట చూసే జైనాబీ ఒక్కతే నోరు విప్పింది.

“ఎలకల బాధ పడలేక పిల్లిని తెమ్మని నేను మొత్తుకుంటా ఉంటే, నువ్వు ఎలకల్నే తెచ్చినావా నాయనా?”

“ఎలకలు కావక్కా, డేగూలు. చిలీ దేశంలో కొండల దగ్గర ఉంటాయి.”

ఆమె వంగి చూసింది. గోధుమరంగు ఒళ్లు, పెద్ద చెవులు, పొడుగాటి తోక, తోక చివర నల్లటి కుచ్చు.

“ఉడత మొకం, ఎలక తోక,” అంది. ఆ పూటనుంచి తకియాలో వాటి పేరు ఉడత ఎలకలు.

పట్నంలో విదేశీ జంతువుల్ని అమ్మే అంగడి ఒకటి మూతపడింది. అమ్ముడుపోనివాటిని ఏం చేస్తారో తెలిసి ఊరుకోలేక పురందర్ పాత స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లి, గొడవపడి, వీటిని తెచ్చాడు. గొడవపడటం అతనికి కొత్త కాదు. విశ్వవిద్యాలయంలో రాజనీతి చదివాడు. విద్యార్థి సంఘానికి నినాదాలు రాసిపెట్టేవాడు. చివరికి ఆ సంఘం రెండుగా చీలి, రెండు ముక్కలూ అతన్నే అనుమానించాక, కొండకోట కింద ఉన్న ఈ తకియాకు వచ్చాడు. వచ్చి ఏడాది దాటింది. నినాదాలు మాత్రం ఇంకా వదల్లేదు. మంచినీళ్లు అడిగినా హక్కుగా అడుగుతాడని జైనాబీ అంటుంది.

అతను వచ్చింది దావూద్ షా కోసం. దావూద్ షా ఈ తకియా పీరు. పగలంతా గుడ్డపీలికలు ఏరి బొంతలు కుడుతుంటాడు. ఆయన ఎవరినైనా శిష్యుడిగా స్వీకరించాలంటే ఆ మనిషి చెయ్యి తన చేతిలోకి తీసుకుంటాడు. ఆ పద్ధతి అంతే, మంత్రం లేదు, తంత్రం లేదు. పురందర్ చెయ్యి ఆయన ఇంకా తీసుకోలేదు. నీళ్లు తోడమన్నాడు, వసారా ఊడ్వమన్నాడు, సూదిలో దారం ఎక్కించమన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

చదవకుండా పురందర్ ఏ పనీ మొదలుపెట్టడు. డేగూల గురించి దొరికినదల్లా చదివాడు. ఒంటరిగా ఉంచితే కుంగిపోతాయని నాలుగింటినీ ఒకచోటే ఉంచాడు. ఎండ పడకుండా గాలి ఆడేలా బోనును వసారా మూలకు జరిపాడు. దాక్కోవడానికి మట్టిముంతలు పక్కకు పడుకోబెట్టాడు. అవి నీళ్లలో మునగవు, సన్నటి మట్టిలో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయని ఏటి ఇసుక జల్లించి పళ్లెంలో పోశాడు. వాటికి తీపి పడదని, చక్కెర జబ్బు వచ్చి కళ్లు పోతాయని చదివాడు. కొత్త చోట కుదురుకునేదాకా వాటి జోలికి పోగూడదనీ, తోక పట్టుకుంటే తోలు ఊడి చేతికొస్తుందనీ కూడా చదివాడు.

గురువారం జనం బెల్లం కలిపిన మలీదా తెచ్చారు. ఒక ముసలి రైతు ఫాతెహా చదివించుకుని, అందరికీ పంచి, మిగిలిన చిటికెడు బోను సందులోంచి లోపలికి పెట్టబోయాడు.

పురందర్ అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. “భక్తి పేరుతో చంపుతారా?”

“బాబా పేరు మీద పెడతాండా నాయనా,” అన్నాడు రైతు, బెదిరి.

“ఎవరి పేరు మీద పెట్టినా వీటికి తీపి విషమే, చక్కెర జబ్బు వస్తుంది. అజ్ఞానం కూడా ఒక హింసే.”

రైతు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మలీదా తినాలో పారెయ్యాలో అతనికి తోచలేదు. వసారా అవతలి చివర బొంత కుడుతున్న దావూద్ షా తలెత్తాడు.

“అది ఇట్లా తే పెద్దయ్యా,” అన్నాడు. “నాకింకా చక్కెర జబ్బు రాలేదు.”

చిటికెడు మలీదా నోట్లో వేసుకుని వేళ్లు నాకి, మళ్లీ సూది అందుకున్నాడు. రైతు నవ్వుకుంటూ పోయాడు. పురందర్‌కి నవ్వు రాలేదు. జనం పలచబడగానే వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

“బాబా, ఒక మాట అడగాలి.”

“కూర్చోని అడుగు.”

అతను కూర్చోలేదు. “ఏడాదినుంచి ఎదురుచూస్తున్నాను. నా తరవాత వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకున్నారు. నాలో లోపం ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను. లేదంటే పట్టుకోండి. ఏదీ చెప్పకపోవడం కూడా ఒక రకం అధికారమే. ఈసారి ఉరుసు గంధం మార్చి పన్నెండున. ఆలోగా నాకు జవాబు కావాలి.”

దావూద్ షా పళ్లతో దారం కొరికాడు.

“పన్నెండు ఏ వారం?”

“గురువారం.”

“మంచిరోజే,” అన్నాడు ఆయన. ఇంకో గుడ్డముక్క తీసుకున్నాడు.

డేగూలు ముంతల్లోంచి బయటికి రాలేదు. సరిగ్గా చెప్పాలంటే, పురందర్ ఉన్నప్పుడు రాలేదు. వసారా ఖాళీ అయితే వస్తాయి, గడ్డి నములుతాయి, ఇసుకలో పొర్లి ఒకదాని ఒళ్లు ఒకటి దువ్వుకుంటాయి. అతని అడుగు వినబడితే ఒకటి కీచుమంటుంది, నాలుగూ మాయమవుతాయి. అతను బోను తలుపు తీసి పెట్టి చూశాడు. వంగి మాట్లాడాడు. గడ్డిపోచ చేతికిచ్చినట్టు ముంతదాకా చాచాడు. ముంతలోంచి రెండు నల్లటి కళ్లు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాయి.

“నేను వీటిని కాపాడాను కదక్కా,” అన్నాడు జైనాబీతో.

“ఆ సంగతి వాటికి ఎవురు చెప్పినారు?” అంది ఆమె, చింతపండు పిసుకుతూ.

పట్నంనుంచి స్నేహితులు ముగ్గురు చూడటానికి వచ్చారు. అంగడి దగ్గర అతనితో కలిసి గొడవపడినవాళ్లే. విముక్తమైన ప్రాణులు ఎలా ఉంటాయో చూపిస్తానని పురందరే వాళ్లకు చెప్పి ఉన్నాడు. బోను చుట్టూ నిలబడ్డారు. ముంతలు, ఇసుక, గడ్డి కనిపించాయి తప్ప ఒక్క ప్రాణి కనబడలేదు.

“ఉన్నాయా అసలు?” అన్నాడు ఒకడు.

“కాసేపు ఆగండి. అలవాటు పడాలి.”

ఆగారు. ఒకడు చాయ్ తాగాడు. ఇంకొకడు ఫోను తీసి పట్టుకున్నాడు, వస్తే ఫోటో తీద్దామని. కాసేపటికి అతనే అన్నాడు. “నీ ప్రజలు నిన్ను నమ్మడం లేదురా నాయకా.”

ముగ్గురూ నవ్వారు. అందులో కుళ్లు ఏమీ లేదు. పాత స్నేహితులు నవ్వే నవ్వే. కానీ పురందర్ చెవులు వేడెక్కాయి. బోనులోకి చెయ్యి పెట్టి ముంత ఎత్తేశాడు. మూడు డేగూలు తలోవైపు దూకాయి. నాలుగోది అతని మణికట్టు పక్కనుంచి పోబోయింది. చెయ్యి దానంతటదే మూసుకుంది.

డేగూ ఆగలేదు. పక్క ముంతలోకి దూరిపోయింది. పురందర్ పిడికిట్లో మెత్తటిదేదో మిగిలింది. విప్పి చూస్తే నల్లటి కుచ్చుతో సహా తోక తోలు.

ఫోను పట్టుకున్నవాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకే ముగ్గురూ వెళ్లిపోయారు.

పశువుల డాక్టరు వచ్చి జాలీలోంచి చూశాడు. తోలు ఊడిన భాగం ఎండి రాలిపోతుందని, మళ్లీ మొలవదని చెప్పాడు. పుండు మానేదాకా ఇసుక పళ్లెం తీసెయ్యమన్నాడు. “మళ్లీ తినడం మొదలుపెడితే బతుకుతుంది,” అన్నాడు. “ఇప్పుడు మాత్రం దాన్ని ఎవరూ కదిలించకండి.”

అది తినలేదు. మరునాడూ ముంతలోంచి రాలేదు. పురందర్ దావూద్ షా దగ్గరికి వెళ్లి ఈసారి కూర్చున్నాడు.

“మాట తప్పాను బాబా.”

“ఊఁ.”

“తోక పట్టుకోకూడదని నాకు తెలుసు. చదివాను. తెలిసే పట్టుకున్నాను.”

“ఎందుకు పట్టినావు?”

“బయటికి తేవాలని.”

“అది బయటికి వస్తే ఎవురికి మేలు?”

పురందర్‌కి తెలిసిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడ పనికి రాలేదు.

“నా దగ్గర ఇవి ఇమడవు,” అన్నాడు చివరికి. “ఎవరికైనా ఇచ్చేస్తాను. నేను కూడా వెళ్లిపోతానేమో.”

దావూద్ షా కుడుతున్న బొంత మడిచాడు. “పోయేటోడివి ఆ చాప బోను దగ్గర వేసిపో. ఇక్కడ గాలి చాలడంలా.”

పురందర్ చాప వేశాడు. ముసలాయన మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. బోను తలుపు తీశాడు. ఎడమచెయ్యి లోపల పెట్టి, గడ్డి మీద వెల్లకిలా వదిలేశాడు. కుడిచేత్తో తస్బీ పూసలు తిప్పుకోవడం మొదలుపెట్టాడు. ముంతలకేసి చూడనైనా లేదు.

“ఏం చేస్తున్నారు బాబా?”

“కూర్చోనుండా.”

“ఎంతసేపు?”

“మోకాళ్లు మొర పెట్టుకునేదాకా.”

ఆ పూట ఏమీ జరగలేదు. మోకాళ్లు మొర పెట్టుకున్నాక లేచాడు. పురందర్ వెళ్లిపోలేదు. చాప ఎవరు తీస్తారని ఉండిపోయాడు. మరునాడు మళ్లీ చాప వేయాల్సి వచ్చింది, ఆ మరునాడూ అంతే. రెండుసార్లు మాట్లాడబోతే దావూద్ షా తల అడ్డంగా ఊపాడు. అతను ఊరికే పక్కన కూర్చోవడం నేర్చుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ ఊరికే కూర్చున్నవాడు కాదు. అరగంట మాట లేకుండా ఉంటే తన తలలో ఎన్ని ఉపన్యాసాలు నడుస్తాయో అప్పుడే తెలిసింది. ఒక్కోటీ మొదలై, వినేవాళ్లు లేక, ఆగిపోయేది.

అట్లా ఆగిన ఒకచోట అతనికి చప్పుడు వినబడింది. సన్నగా, కరకరమని. వెనక ముంతలో ఏదో ఎండుగడ్డి నములుతోంది. ఆ ముంతలో ఉన్నది మొండితోకది ఒక్కటే.

పురందర్ దావూద్ షా వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు.

జైనాబీ గిన్నె పట్టుకుని వసారాలోకి వచ్చి, ఇద్దరినీ చూసి, గుమ్మంలోనే ఆగింది. “ఏం నాయనా, ఈపొద్దు నినాదం లేదా?” అంది గొంతు తగ్గించి. అతను నవ్వి పెదవులమీద వేలు పెట్టుకున్నాడు. ఆమె అడుగు చప్పుడు కాకుండా వెనక్కి పోయింది.

మార్చి మొదలైంది. ఉరుసుకు గోడలకు సున్నం వేస్తున్నారు. ఒక మధ్యాహ్నం ముందు ముంతలోంచి ఒక డేగూ ముక్కు బయటపెట్టింది. ఆగింది. గడ్డి మీదుగా వచ్చి దావూద్ షా చిటికెనవేలు వాసన చూసింది. గోరు కొరికి చూసింది. సూదులు గుచ్చుకుని గట్టిపడిన వేలికొన దానికి రుచించలేదు కాబోలు, వదిలేసింది. తరవాత ముందుకాళ్లు రెండూ అరచేతిలో పెట్టింది. తరవాత మొత్తం ఎక్కి కూర్చుని మీసాలు దువ్వుకుంది.

ముసలాయన చెయ్యి కింది గడ్డిలాగే కదలకుండా ఉంది.

“పట్టుకోండి బాబా,” అన్నాడు పురందర్, ఊపిరితో.

“పట్టుకుంటే ఏమైతుంది?”

“చేతిలో ఉంటుంది.”

“ఇప్పుడు యాడుంది?”

డేగూ దువ్వుకోవడం ముగించి, దిగి, తన దారిన పోయింది. వెనక ముంతలోంచి మొండితోకది కళ్లు మాత్రం బయటపెట్టి ఇదంతా చూసింది. అది రాలేదు.

“అది ఎప్పుడొస్తుంది?” అన్నాడు పురందర్.

“దాన్ని పట్టింది నువ్వు. నన్ను అడిగితే ఎట్లా?”

ఆయన చెయ్యి బయటికి తీసి, అంటుకున్న గడ్డి దులిపి, తలుపు దగ్గరికి వేశాడు. చాప మీదే మెల్లగా ఇటు తిరిగి పురందర్‌కి ఎదురుగా కూర్చున్నాడు. అదే చేతిని, అదే తీరుగా, ఇద్దరి మధ్య చాప మీద వెల్లకిలా పెట్టాడు.

పురందర్ ఆ చేతిని చూశాడు. ఏడాదిగా అడుగుతున్న చెయ్యి అది. జానెడు దూరంలో ఉంది, దానికదిగా దగ్గరికి రావడం లేదు. తన కుడిచెయ్యి ఒళ్లో ఉంది. పిడికిట్లో మెత్తగా మిగిలిన నల్లకుచ్చు దానికింకా గుర్తుంది. ఆ చెయ్యి లేవలేదు.

“జవాబు అడిగినావు కదా,” అన్నాడు దావూద్ షా.

“అడిగాను బాబా.”

“ఇప్పుడు నేను అడుగుతాండా. తొందరేం లేదు. మార్చి పన్నెండులోగా చెప్పు.”